జేబు టార్చి కొనేటప్పుడు చిన్న వెలుతురును చూడాలి

ఊళ్ళో మా నాన్నగారి మంచం పక్కన ఎప్పుడూ మూడు సెల్లుల టార్చిలైటు ఒకటి ఉండేది. రాత్రి వంతు కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి దాన్ని పట్టుకొని పొలానికి వెళ్ళేవారు. అది జేబులో పట్టేది కాదు, పట్టాలని ఎవరూ అనుకోలేదు కూడా. ఇప్పుడు వేలెడంత గొట్టంలో అంతకు మించిన వెలుతురు వస్తోంది కనుక, తాళంచెవులతో పాటు ఒక టార్చిని జేబులో వేసుకొని తిరగడం నాకు నాలుగేళ్ళుగా అలవాటైంది. ఫోనులో లైటు ఉండగా ఇదెందుకని అడిగేవారిని, ఒక చేత్తో ఫోను పట్టుకొని నీళ్ళ సంపులోకి వంగి చూడమంటాను. ఆ తరువాత మళ్ళీ ఎవరూ అడగరు.

నేను మొదట కొన్న టార్చికి ఒకే వెలుతురు ఉండేది. డబ్బా మీద 300 ల్యూమెన్లు (టార్చి ఇచ్చే వెలుతురుకు కొలత) అని ఉండడం చూసి, ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకొని కొన్నాను. ఒక అర్ధరాత్రి పాపకు జ్వరం వస్తే, మందు సీసా మూతలో 5 మిల్లీలీటర్ల గీత ఎక్కడుందో చూద్దామని ఆ లైటు వేశాను. తెల్లటి ప్లాస్టిక్ మూత మీద పడిన వెలుతురు తిరిగి నా కళ్ళలోనే కొట్టింది, గీత మాత్రం కనబడలేదు. పాప లేచి ఏడుపు అందుకుంది. "ఆపండి బాబూ, గదంతా పగలైపోయింది" అని నా భార్య విసుక్కుంది. ఆపిన తరువాత గుమ్మం ఎటుందో కూడా తెలియలేదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఆ అలవాటు పోవడానికి ఒక్క క్షణం చాలు.

రెండు వెలుతురుల టార్చి కోసం వెతకడం అప్పుడు మొదలుపెట్టాను. అలా వెతుకుతున్నప్పుడు తెలిసిందేమిటంటే, కంపెనీలన్నీ పెద్ద వెలుతురు గురించి పెద్ద అక్షరాలలో చెబుతాయి, చిన్న వెలుతురు ఎంతో డబ్బా వెనక్కి తిప్పి వెతుక్కోవాలి. రోజూ జేబులో ఉండే లైటుతో మనం చేసే పనులలో చాలా భాగం చేతికందే దూరంలోనే ఉంటాయి: తాళం రంధ్రం చూడడం, మెయిన్ బోర్డులో పడిపోయిన స్విచ్చును వెతకడం, బండి కింద జారిన చిల్లరను తీయడం. వీటన్నిటికీ 5 ల్యూమెన్లు సరిపోతాయి. కరెంటు పోయిన మెట్ల మీద దిగడానికి 20 ఉంటే హాయి. వీధి చివర కుక్క ఎటు నిలబడిందో, పొలం గట్టు మీద ఏముందో చూడాలంటే వందకు పైబడి కావాలి. వెలుతురు రెట్టింపైనా కంటికి రెట్టింపుగా తోచదు కనుక, రెండు స్థాయుల మధ్య ఇరవై రెట్ల తేడా లేకపోతే రెండు ఉండీ ప్రయోజనం లేదు. 60, 120 అని రెండు స్థాయులు ఇచ్చే టార్చి, నా లెక్కలో, ఒకే వెలుతురు ఉన్నదానితో సమానం.

అంతకన్నా ముఖ్యమైన సంగతి, నొక్కగానే ఏది ముందు వెలుగుతుందన్నది. చిన్నది ముందు రావాలి. పెద్దది కావలసినవాడు ఇంకోసారి నొక్కుకుంటాడు, కానీ పెద్దది ముందు వస్తే నిద్రపోయేవారి సంగతి, మన కంటి సంగతి అప్పటికే ముగిసిపోతుంది. తల తిప్పితే వెలిగే రకంలో కొంచెం తిప్పితే చిన్నది, ఇంకొంచెం బిగిస్తే పెద్దది వస్తుంది. నాకు ఆ పద్ధతి ఇష్టమే, కానీ దానికి రెండు చేతులూ కావాలి, కూరగాయల సంచి పట్టుకున్న రోజున అది కుదరదు. ఈ రెండూ చాలక టపటపా మినుకుమనే మూడో వెలుతురును కొందరు ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

కొన్ని చవక టార్చీలు చిన్న వెలుతురును, లైటును వేగంగా ఆర్పి వెలిగించడం ద్వారా తెస్తాయి. తిరుగుతున్న ఫ్యాను మీద వేసి చూస్తే గుట్టు తెలుస్తుంది: రెక్కలు ఆగి ఆగి కనబడతాయి. అలాంటిదానితో పుస్తకం చదివితే నాకు తలనొప్పి వచ్చింది.

ఇక సెల్లుల విషయం. రిమోట్లలో వేసే సన్న సెల్లును ఛార్జింగ్ రకంలో తీసుకుంటే, 800 మిల్లీయాంప్-అవర్లను 1.2 వోల్టులతో గుణిస్తే దాదాపు ఒక వాట్-అవర్, అంటే ఒక వాట్టు చొప్పున గంటసేపు వాడుకునేంత శక్తి, వస్తుంది. వాట్టుకు వంద ల్యూమెన్లు వస్తాయనుకున్నా, లోపలి సర్క్యూట్ తినేది పోగా వంద ల్యూమెన్ల వెలుతురు ముప్పావు గంట నిలుస్తుంది, అదే 5 ల్యూమెన్లయితే పదిహేను గంటలు నిలుస్తుంది. మామూలు పెన్సిల్ సెల్లులో దీనికి రెండున్నర రెట్ల శక్తి ఉంటుంది, లావు మాత్రం 4 మిల్లీమీటర్లే ఎక్కువ. చొక్కా జేబుకైతే సన్నది, ప్యాంటు జేబుకైతే పెన్సిల్ సెల్లుది నయం. ఆల్కలైన్ సెల్లు వేసి మరచిపోకూడదు. నా రెండో టార్చిని వర్షాకాలమంతా బీరువాలో ఉంచి తీస్తే, తోక దగ్గర తెల్లటి పొడి పేరుకొని, సెల్లు గొట్టానికి అతుక్కుపోయి, సుత్తితో కొట్టినా రాలేదు.

డబ్బా మీది అంకెలకు 2009లో అమెరికాలో ఒక ప్రమాణం వచ్చింది, దాన్ని ఎఫ్‌ఎల్‌1 అంటారు. దాని ప్రకారం, మొదట్లో ఉన్న వెలుతురు పదో వంతుకు పడిపోయేదాకా అంతా వెలిగిన సమయంగానే లెక్కకు వస్తుంది. దూరం లెక్క కూడా, నిండు పున్నమి వెన్నెలంత వెలుతురు మిగిలేచోటు వరకు కొలుస్తారు. అందుచేత 100 మీటర్లని రాస్తే, అక్కడ నిలబడిన మనిషిని గుర్తుపట్టవచ్చని అర్థం కాదు. డబ్బా మీద ఈ ఎఫ్‌ఎల్‌1 గుర్తే లేకుండా వేల ల్యూమెన్లు ప్రకటించే టార్చీల జోలికి నేను పోను.

రంగు విషయంలో నాది కొంచెం చాదస్తం. నీలి ఛాయ కొట్టే తెల్లటి వెలుతురులో ఎండు గడ్డి, మట్టి, ఆకులు అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. కట్లపాము, రక్తపింజర తిరిగేది ముఖ్యంగా రాత్రిపూటే కనుక, గట్ల మీద నడిచేవారికి గోధుమరంగులోని తేడాలు తెలియాలి. పసుపు ఛాయ ఉన్నది 4,000 కెల్విన్ల (వెలుతురు రంగుకు కొలత) ప్రాంతంలో దొరుకుతుంది, డబ్బా మీద వెతికి తీసుకోవాలి.

చివరకు పెన్సిల్ సెల్లుతో పనిచేసే, చిన్న వెలుతురు ముందు వచ్చే టార్చి ఒకటి దొరికింది. 5, 120 ల్యూమెన్లు. నాకొకటి ఉంచుకొని, సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మకు ఇంకొకటి ఇచ్చి, రెండుసార్లు నొక్కితే పెద్దది వస్తుందని చూపించి వచ్చాను. మొన్న ఫోనులో అడిగితే, దిండు కింద పెట్టుకుంటున్నాననీ, సెల్లు ఇంకా మార్చలేదనీ చెప్పి, "రెండోసారి నొక్కడం దేనికన్నావురా?" అని అడిగింది.