నాన్న లెక్కల పుస్తకం

"రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు?" అని యూరాలజిస్ట్ అడిగితే నాన్న "ఎప్పుడో ఒకసారి" అన్నారు. పక్కన అమ్మకి నవ్వాగలేదు.

మందుతో పాటు ఓ నోట్‌బుక్ పని కూడా పెట్టారు. 3 రోజులు ఎప్పుడు ఎంత తాగారో, ఎన్ని ఎం.ఎల్. మూత్రం పోశారో రాయాలి. రోజు మొత్తంలో మూడోవంతు కంటే ఎక్కువ రాత్రే వస్తుంటే తప్పు మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి ఒక్కదానిదే కాదట. కాళ్ల వాపు, షుగర్, గురక కూడా చూడాలట.

మూత్రం సాఫీగా రావడానికి టామ్సులోసిన్ అనే మందు రాశారు. కళ్లు తిరగొచ్చు, మంచం మీద కాసేపు కూర్చుని లేవమన్నారు. జలుబు మాత్రలు అడక్కుండా వేసుకోవద్దట, కొన్నిటితో మూత్రం రాకుండా ఆగిపోవచ్చట.

నాన్న బాధల్లా రాత్రి చెంబెడు మజ్జిగ మానమన్నందుకే. దారంతా అదే గొణుగుడు. కొలిచే మగ్గు కొనడానికి మాత్రం షాపులోకి నన్నే పంపారు.