ఆఫీసులో పని

మా జగిత్యాల దిక్కు ఊళ్లలో మగవాళ్లు పొయ్యి దగ్గరికి పోవడమే తక్కువ. ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా నేను చాయ్ తాగడమే కానీ పెట్టింది లేదు. ఏజెంటేమో "ఆఫీస్ బాయ్, ఏసీలో పని" అన్నాడు. ఫైళ్లు మోయడం, జిరాక్సులు తీయడం అనుకున్నా. దుబాయ్‌లో దిగిన మూడో రోజు నన్ను తీసుకెళ్లి ఒక చిన్న గదిలో నిలబెట్టారు, దాన్ని ప్యాంట్రీ అంటారట. సింకు, రెండు కరెంటు పొయ్యిలు, అరల నిండా పాల డబ్బాలు, గోడకు అతికించిన ఒక కాగితం. ఎవరికి ఏ చాయ్, చక్కెర ఎన్ని చెంచాలు, ఎన్ని గంటలకు, అన్నీ అందులో రాసి ఉన్నాయి, నలభై పేర్లు. నాకు దొరికిన ఫైలు అదొక్కటే.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి "ఆఫీసులో పని బాపూ" అన్నా. అబద్ధమైతే కాదు కదా.

నాకు పని నేర్పింది ఒక మలయాళీ పెద్దాయన. అందరూ చేట్టా (అన్నా) అనేవాళ్లు, నేనూ అదే అన్నా. మాట్లాడుకునేది వచ్చీరాని హిందీలోనే. ఒకసారైతే చూపించేవాడు, రెండోసారి అడిగితే మాత్రం మొహం చిట్లించేవాడు. మొదట నేర్పింది కరక్ చాయ్. హిందీ వాళ్లు స్ట్రాంగ్ అనడానికి వాడే "కడక్" అన్న మాటే అది, నాలుక మడిచి పలికే ఆ అక్షరం అరబ్బీలో లేదు కాబట్టి వాళ్ల నోట్లో పడి కరక్ అయింది. మన దగ్గర పచ్చిపాలు కాచి చేస్తాం, అక్కడ డబ్బా పాలు. పాలలో సగానికి పైగా నీళ్లు ఇగరబెట్టి, డబ్బాలో నింపాక మళ్లీ బాగా వేడి చేస్తారు. అందుకే మూత తీయగానే తెల్లగా కాదు, లేత గోధుమ రంగులో ఉంటాయి, కొంచెం కోవా వాసన కూడా వస్తుంది. ఇరవై చిన్న కప్పులకు చేట్టా లెక్క ఇదీ: లీటరున్నర నీళ్లు, తొక్కతో సహా దంచిన ఇలాచీలు పది, నీళ్లు మరిగాక పన్నెండు చెంచాల చాయ్ పత్తి, చక్కెర అప్పుడే వేసెయ్యాలి, డికాక్షన్ నల్లబడి గిన్నె అంచుకు మరక పట్టేదాకా మరగనిచ్చి ఆపైన పెద్ద డబ్బాలు రెండు. పొంగు వస్తే దించడం, మళ్లీ పెట్టడం, అట్లా మూడుసార్లు. ఆ తర్వాత ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మూరెడు ఎత్తు నుంచి పోస్తాడు, ఒక్క చుక్క బయట పడదు. నేను పోస్తే మొదటి నెలంతా నేలే తాగింది.

రెండో నెలలో నాకు కొంచెం పొగరొచ్చింది. మా అమ్మ పెట్టే అల్లం చాయ్ వీళ్లకు తాగించాలని. పద్నాలుగు మందికి మీటింగ్, చేట్టా బయటికి పోయాడు. ఫ్రిజ్‌లోంచి పచ్చిపాలు తీసి పొయ్యి మీద పెట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడే అల్లం తురిమి వేశా, బాగా దిగుతుందని. పది నిమిషాల్లో చూస్తే గిన్నెలో పాలు ఒకవైపు, నీళ్లు ఒకవైపు. లోపలి నుంచి "చాయ్ ఏమైంది?" అని కేక. చెమటలు, ఆ ఏసీలోనే. అప్పుడే చేట్టా వచ్చి గిన్నె వైపు ఒకసారి చూసి సింకులో పారబోసి, ఒక్క మాట అనకుండా డబ్బా పాలతో మళ్లీ పెట్టాడు. అందరూ పోయాక చెప్పాడు: అల్లం ఎప్పుడైనా నీళ్లలో ముందు మరగాలి, పాలు తర్వాతే. పచ్చి అల్లంలో పాలను విరిచే గుణం ఒకటి ఉంటుంది (ఎంజైమ్ అంటారని తర్వాత తెలిసింది), మరిగితే అది చచ్చిపోతుంది. అమ్మ ఎప్పుడూ అట్లనే పెట్టేది, మొదట నీళ్లలోనే అల్లం దంచి వేసేది. ఇరవై ఏళ్లు పక్కనే కూర్చుని తాగి కూడా నేను చూడలేదన్నమాట.

ఆరు నెలలకు గోడ మీద కాగితం అవసరం లేకుండా పోయింది. మనుషుల పేర్లు మర్చిపోతా కానీ వాళ్ల చాయ్ మర్చిపోను. ఈజిప్టు వాళ్లకు పాలు వద్దు, గాజు గ్లాసులో నల్ల చాయ్, పుదీనా రెమ్మ, చక్కెర మాత్రం దండిగా. ఇంగ్లండ్ ఆయనకు కప్పులో చాయ్ పత్తి సంచీ ముంచి చల్లటి పాలు పైనుంచి పొయ్యాలి. అది చాయా అని మనసులో అనుకునేవాణ్ని, ఆయనకు మాత్రం నవ్వుతూ ఇచ్చేవాణ్ని. లాహోర్ డ్రైవర్లకు నీళ్లు తగలకూడదు, పాలలోనే పత్తి మరగాలి, దూద్‌పత్తి. లెక్కలు చూసే ఇరానీ ఆయన చక్కెర బిళ్ల పళ్ల మధ్య పెట్టుకుని నల్ల చాయ్ తాగేవాడు. ఒకసారి ఆయనతో మా హైదరాబాద్ ఇరానీ చాయ్ గురించి చెప్పా, డికాక్షన్ వేరుగా దమ్ పెట్టి, చిక్కటి పాలు వేరుగా కాచి, కప్పులో కలుపుతారని. పాలా, ఇరానీ చాయ్‌లోనా అని పకపకా నవ్వాడు. హోటళ్లు పెట్టినవాళ్లు మీవాళ్లే, పాలు మావి అన్నా.

ముదీర్ (మేనేజర్) దగ్గరికి అరబ్బు అతిథులు వస్తే మాత్రం చాయ్ కంటే ముందు గహ్వా, ఇలాచీ వేసిన లేత కాఫీ, పక్కన ఖర్జూరాలు. దల్లా, అంటే ఆ కాఫీ కూజా, ఎడమ చేతిలో, చిన్న కప్పు కుడి చేత్తో అందించాలి, నిండా పొయ్యకూడదు. ఇక చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపుతారు, ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒక పెద్దాయన కప్పు తిరిగి ఇస్తే నేను తీసుకుని పోబోయా, ఆయన నన్ను చూసి, కప్పును చూసి, మళ్లీ నన్ను చూశాడు. అర్థమై పోశా.

రూములో ఏడుగురం, ఐదుగురు మావైపు వాళ్లే, సైట్లలో మేస్త్రీలు, హెల్పర్లు. ఎండాకాలంలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు బయట పని చేయించకూడదని అక్కడ రూలు. అందుకే పొద్దున పని తొందరగా మొదలవుతుంది. నాలుగింటికే లేచి బస్సు ఎక్కేవాళ్లు, వాళ్ల ఫ్లాస్కు నేనే నింపేవాణ్ని. ఎవరూ అడగలేదు, నాకే ఏసీలో కూర్చునే పని దొరికిందని సిగ్గనిపించేది. వాళ్లకు ఇలాచీ, కుంకుమపువ్వు అక్కర్లేదు, అల్లం ఘాటుండాలి, చక్కెర ఎక్కువుండాలి. రంజాన్‌లో మాత్రం ఆఫీసు ప్యాంట్రీకి పగలు తెర వేసేవాళ్లం, పని రెండు గంటలు తగ్గేది, నేను రూముకొచ్చి పడుకునేవాణ్ని. సెలవు రోజు సాయంత్రం అందరం కలిసి రోడ్డు పక్క కఫ్తీరియాకు పోయేవాళ్లం. కార్లు ఆగి హారన్ కొడతాయి, పిల్లగాడు ట్రే పట్టుకుని ఉరుకుతాడు. నేను వెళ్లిన కొత్తలో కప్పు ఒక దిర్హం. పక్కవాడు ట్రేలో తెచ్చిన చాయ్ కూర్చుని తాగడం నాకు అదొక్క రోజే.

మూడేళ్లకు చుట్టీ మీద ఇంటికొచ్చా. వచ్చిన నాలుగో రోజు చెల్లి పెళ్లి మాటలకు పదకొండు మంది దిగారు, అమ్మ ఒక్కతే వంటింట్లో ఉరుకులాడుతోంది. నాకు తెలియకుండానే లేచి పొయ్యి దగ్గరికి పోయా. అల్లం నీళ్లలో వేశా, పత్తి వేశా, చక్కెర వేశా, పాలు పోశా, మూడు పొంగులు తెప్పించి, మూరెడు ఎత్తు నుంచి పోసి, ట్రేలో గ్లాసులు సర్దుకుని బయటికొచ్చి పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ కొంచెం వంగి అందిస్తూ "చక్కెర సరిపోయిందా?" అని అడుగుతున్నా. సగం మందికి ఇచ్చాక చూశా, మా బాపు నా చేతుల వైపే చూస్తున్నాడు. పెళ్లివాళ్లు మాటల్లో ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు.

ఆయన దగ్గరికొచ్చాక మెల్లగా అడిగాడు.

"ఆఫీసుల గిదేనా పని?"

"గిదే బాపూ."

సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. ఖాళీ గ్లాసు ట్రేలో పెట్టబోయి ఆగి, "ఇంకో సగం పొయ్యి" అన్నాడు.