త్రికోణాసనం ఇంకా రాలేదు

ఎన్నేళ్లుగా యోగా చేస్తున్నావని అడిగితే పన్నెండేళ్లంటాను, "అయితే ఈపాటికి అన్నీ వచ్చేసుంటాయిగా" అంటారు వెంటనే. మొన్న పొద్దున త్రికోణాసనం (కాళ్లు ఎడంగా పెట్టి పక్కకి వంగి, ఒక చెయ్యి కిందకి, ఇంకో చెయ్యి పైకి చాపే ఆసనం) వేసి కిందకి చూస్తే వెనక కాలి చిటికెన వేలి వైపు అంచు నేల మీంచి లేచి ఉంది. కాగితం దూర్చేంత సందు. అంటే ఇన్నేళ్లూ లేస్తూనే ఉందన్నమాట, నేనే చూసుకోలేదు!

మొదట్లో నాకు త్రికోణాసనం అంటే చెయ్యి నేలకి తగలడమే. దానికోసం ముందు మోకాలు కాస్త వంచేసేదాన్ని, ఛాతీ నేల వైపు తిప్పేసేదాన్ని, ఊపిరి బిగబట్టేసేదాన్ని, చెయ్యి తగిలితే చాలు గెలిచినట్టే. ఒకరోజు మా టీచర్ నా చేతి కింద ఇటుకంత చెక్క బ్లాక్ పెట్టి "ఇక్కడే ఆగమ్మా" అన్నారు. భలే కోపం వచ్చింది, పక్కవాళ్ల చేతులన్నీ నేల మీదున్నాయి మరి. కానీ చెయ్యి పైన ఆగగానే పై వైపు పక్కటెముకలు విచ్చుకున్నాయి, గాలి అక్కడిదాకా వెళ్లడం తెలిసింది. ఆ బ్లాకుల్నీ బెల్టుల్నీ యోగాలో అంతగా వాడుకలోకి తెచ్చిన బి.కె.ఎస్. అయ్యంగార్ (1918–2014) తొంభై దాటాక కూడా సాధన మానలేదు. అది తెలిశాక నా కోపం కొంచెం తగ్గింది.

నాకు యోగా వ్యాయామం కంటే సంగీతానికి దగ్గరనిపిస్తుంది. సరళీ వరుసలు నేర్చుకునే పిల్లలూ పాడతారు, కచేరీలు చేసేవాళ్లూ పాడుకుంటారు, స్వరాలు అవే. తేడా అల్లా ఇక్కడ వీణా మనమే, వాయించేదీ మనమే, పైగా ఆ వీణ రోజుకో రకంగా ఉంటుంది. రాత్రి నిద్ర లేకపోతే తొడ వెనక కండరం కర్రలా బిగుసుకుపోయి, నిన్న సులువుగా వంగిన చోటికి ఈరోజు సగం కూడా వెళ్లనివ్వదు. వినే జనం లేరు కాబట్టి దొంగ స్వరం పాడినా దొరకం, అదొక్కటే హాయి.

పతంజలి యోగసూత్రాలు 196 (కొన్ని ప్రతుల్లో 195). వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పేవి మూడే. స్థిరంగా, సుఖంగా ఉండాలంటాడు, ఆ వెంటనే ప్రయత్నాన్ని సడలించమంటాడు. చదవడానికి బాగానే ఉంటుంది, చేస్తే తెలుస్తుంది బాధ. ఆ పాదం అంచుని నేలకి నొక్కానా, పిక్క బిగుస్తుంది, దాంతోపాటు సంబంధం లేని దవడ కూడా! దవడ వదిలేస్తే అంచు లేస్తుంది. రెండూ ఒకేసారి కుదరడం నెలకోసారి జరిగితే గొప్ప. సాధన గురించి ఇంకోచోట చాలాకాలం, ఎడతెగకుండా, సత్కారంతో చెయ్యాలంటాడు. మనం సన్మానం అనే అర్థంలో వాడే సత్కారం కాదు, ఆదరం అని. చాలాకాలం చెయ్యడం నాకు పెద్ద కష్టం కాలేదు. చిక్కంతా ఆదరంతోనే, సగం రోజులు మ్యాట్ మీద నిలబడి ఫోన్లో మెసేజ్‌లకి మనసులో జవాబులు రాసుకుంటూ చేసేస్తాను.

నిన్న వెనక మడమ గోడకి ఆన్చి చేశాను. ఎడమ పాదం అంచు లేవలేదు, అయిదు శ్వాసల సేపు! ఆ సంబరంలో కాళ్లు మార్చి రెండో వైపు వేశాను. కుడి పాదం అంచు ఇంకా ఎక్కువ లేస్తోంది.