సగటు తీసి మార్కులు పోగొట్టుకున్నాను

ఇంజనీరింగ్ వాళ్లు రాసే గేట్ పరీక్షలో, సివిల్ పేపర్‌లో ఈసారి అర్హత సాధించాను. ఫలితం చూసుకుని, మొక్కు తీర్చడానికి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి వచ్చాను. కాళ్లు ఇంకా లాగుతున్నాయి, అయినా ఇది ఈ రోజే రాయాలనిపించింది.

కిందటిసారి పరీక్షలో నన్ను దెబ్బతీసింది ఒక మెట్టు బీమ్, అంటే మధ్యలో ఒక్కసారిగా మందం మారే దూలం. ఒక కొన గోడలో బిగించి, రెండో కొన గాలిలో ఉండి, ఆ చివర భారం ఉన్న కాంటిలీవర్; గోడ వైపు సగానికి మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (అడ్డుకోత ఆకారాన్ని బట్టి వంగకుండా నిలిచే గుణం) 2ఐ, బయటి సగానికి ఐ. చివర డిఫ్లెక్షన్, అంటే కిందికి వంగే దూరం, ఎంత? సమయం తరుముతోంది. సగటు 1.5ఐ అనుకుని మామూలు సూత్రంలో వేశాను. పీఎల్ క్యూబ్ బై ఈఐకి (పీ భారం, ఎల్ పొడవు, ఈ పదార్థపు గట్టిదనం) 2/9 వంతు వచ్చింది. అసలు జవాబు 3/16. హాలు బయటికి వచ్చాక కూడా సగటు ఎందుకు తప్పో తెలియలేదు. మార్కులు పోవడం కన్నా అదే ఎక్కువ బాధించింది.

తిరుపతి బైరాగిపట్టెడలోని నా గదిలో ఒక రాత్రి అదే బీమును అటుదిటు మార్చి గీశాను: లావు సగం బయటికి, సన్న సగం గోడకు. జవాబు 5/16 వచ్చింది. సగటు మాత్రం మళ్లీ 1.5ఐ, మళ్లీ 2/9! లావు ఎటు ఉందో సగటుకు తెలియదు. బీముకు తెలుసు. బెండింగ్ మొమెంట్ (ఎం), అంటే బీమును వంచే ప్రభావం, గోడ దగ్గరే గరిష్ఠం. ఐ అంతటా ఒకటే అయితే చివరి డిఫ్లెక్షన్‌లో ఎనిమిదింట ఏడు వంతులు గోడ వైపు సగం నుంచే వస్తాయి. పైగా మనం కూడవలసింది ఐలను కాదు, ఎం బై ఈఐలను.

మర్నాడు కిటికీ పైని సజ్జను చూశాను. గోడ దగ్గర మందం, అంచున పలచన. అలాంటిదే లెక్కగా పెట్టుకున్నాను: వెడల్పు మారదు, లోతు చివర డీ, గోడ దగ్గర 2డీ. ఐ లోతు క్యూబ్‌ను బట్టి పెరుగుతుంది, అంటే గోడ దగ్గర ఐ ఎనిమిది రెట్లు. రెండు సమాన ముక్కలు చేసి, ఒక్కోదానికి నడిమి లోతు తీసుకుంటే డిఫ్లెక్షన్ అసలు జవాబు కన్నా 11 శాతం ఎక్కువ వచ్చింది. నాలుగు ముక్కలకు తేడా 3 శాతం లోపే!

మిగతావి అందరూ చదివినట్టే చదివాను: సాయిల్, ఫ్లూయిడ్స్ పాత ప్రశ్నపత్రాలతో, గణితం పొద్దున్నే.

ఒక్క అంశానికి పది రోజులా అని స్నేహితులు కోప్పడ్డారు. కిందటేడాది నేను సిలబస్ మొత్తం పూర్తి చేసే వెళ్లాను, ఏమైంది? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫోను పక్క గదిలో పెట్టి రోజుకు ఒక్క లెక్కనైనా అంకెలు మార్చి మళ్లీ చేయండి. ఈ రాత్రికి ఇది చేయండి: అదే బీమ్, 2ఐ భాగం గోడ నుంచి మూడో వంతు వరకే. 35/162 రావాలి.