షేల్‌లో గ్యాస్ పుట్టడం వేరు, నిలవడం వేరు

చైనాలో సిచువాన్ బేసిన్ (మట్టిపొరలు పేరుకున్న పెద్ద పల్లం) తూర్పు అంచున, ఫులింగ్ దగ్గర తవ్విన జియావ్‌యె-1 హెచ్‌ఎఫ్ బావిలో 2012 నవంబరులో రోజుకు 2.03 లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ వచ్చింది. బేసిన్ హద్దు దాటి ఆగ్నేయంగా వెళ్తే పెంగ్‌ష్వీ. అక్కడి పెంగ్‌యె-1 ఇచ్చింది సుమారు 25 వేలే. షేల్ (బంకమట్టి గట్టిపడి ఏర్పడిన పొరలరాయి) మాత్రం ఒకటే: 44 కోట్ల ఏళ్ల నాటి వూఫెంగ్-లాంగ్‌మాషీ. గ్యాస్ పుట్టించే సేంద్రియ పదార్థానికి రెండుచోట్లా లోటు లేదు. కొండలు లేచినప్పుడు రాయి ఎంత నలిగిందన్న దగ్గరే తేడా.

ఈ నలుగుడుకు నాడి చూపేది ప్రెషర్ కోఎఫిషెంట్: పొరలోని పీడనాన్ని అంత లోతు నీటి పీడనంతో భాగిస్తే వచ్చే అంకె. ఫులింగ్‌లో అది 1.55, పెంగ్‌ష్వీలో 1కి అటూ ఇటూ. 1 దగ్గరికి వచ్చిందంటే గ్యాస్‌ను పట్టి ఉంచే మూత ఎక్కడో ఊడిందన్న మాట.

షేల్‌లో గ్యాస్ అడ్డంగా, అంటే పొరల వెంట, సులువుగా పారుతుంది. పొరలను చీల్చుకుని పైకి పోవడం దానికి ఎన్నో రెట్లు కష్టం. అందుకే పొరల వాలు అంత ముఖ్యం. ఫులింగ్‌లోని జియావ్‌షిబాలో మడత వెడల్పుగా, నడుమ దాదాపు చదునుగా ఉంది. గ్యాస్ పక్కకు పోవాలంటే వాలులో కిందికి దిగాలి, తేలికైన గ్యాస్ దిగదు. అదే మడత నిటారుగా లేచి, పైభాగం కోతకు గురై షేల్ నేలమీద బయటపడితే, ప్రతి పొర సందూ ఒక కాలువే. పైగా మీది బరువు తగ్గి పీడనం పడిపోతే, సేంద్రియ పదార్థానికి అంటుకున్న గ్యాస్ కూడా విడిపోయి ఆ దారే పడుతుంది. ఈ లేవడం ఎంత ముందు మొదలైతే కారడానికి అంత వ్యవధి. మడతలు ఆగ్నేయం నుంచి వాయవ్యానికి వరసగా ఏర్పడ్డాయి కాబట్టి పెంగ్‌ష్వీ వైపు ఆ వ్యవధి ఎక్కువ.

పగుళ్లన్నీ చెడ్డవి కావు. షేల్ లోపలే ఆగిపోయేవి గ్యాస్‌కు గదులు. పైపొరలను దాటిపోయేవి చిల్లులు. అడుగు సంగతి చాలామంది మరుస్తారు. లాంగ్‌మాషీ కింద గట్టి సున్నపురాయి ఉంది. అంతకంటే పాతదైన కేంబ్రియన్ న్యూటిటాంగ్ షేల్ మాత్రం చాలాచోట్ల గుల్లబారిన డెంగ్‌యింగ్ డోలమైట్ (సున్నపురాయి లాంటి రాయి) మీద కూర్చుంది, కాబట్టి కిందినుంచీ కారుతుంది. అలాంటి బావుల్లో కొన్నింట మీథేన్‌కు బదులు నైట్రోజన్ వస్తుంది. కాకపోతే ఆ నైట్రోజనంతా పైనుంచి దిగిన గాలిదే అనుకోకూడదు, భూగర్భ వేడికి అతిగా ఉడికిన సేంద్రియ పదార్థం నుంచీ రావచ్చు.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌కు ఈ కొలతలు నేరుగా వర్తించవు. అది భూమి పైపొర నొక్కుడుతో కాదు, సాగుడుతో ఏర్పడింది.

తవ్వేటప్పుడూ ఇదే గొడవ. జియావ్‌యె-1 దగ్గర మేలైన షేల్ మందం 38 మీటర్లు. 20 మీటర్ల జారుడున్న చిన్న ఫాల్ట్ (పొరలు విరిగి జారిన చోటు) అడ్డొచ్చినా, పొర వెంట అడ్డంగా తవ్వే బావి బిట్ మంచి పొర వదిలి సున్నపురాయిలోకి దూరగలదు. పెద్ద ఫాల్ట్ పక్కన అయితే ఫ్రాకింగ్ నీరు (రాయిని చీల్చడానికి అధిక పీడనంతో పంపేది) షేల్‌ను చీల్చకుండా ఆ ఫాల్ట్ వెంటే పారిపోతుంది. బావిలోని ఆ స్టేజీని, అంటే ఒక విడతలో చీల్చే భాగాన్ని, వదిలేయడమే చౌక.