తమ్ముడి జీతం తమ్ముడి చేతికే

డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఉండే, మేధో వైకల్యం కలిగించే జన్యు స్థితి) ఉన్న మా తమ్ముడు సికింద్రాబాద్‌లో ఒక బేకరీలో ప్యాకింగ్ పని చేస్తున్నాడని తెలిసినవారు ముందుగా అడిగేది, ఆ పని ఎక్కడ నేర్పించారని. బిస్కెట్లు తూచి, కవర్లలో వేసి, సీలు చేయడం వాడు త్వరగానే నేర్చుకున్నాడు. కాలం పట్టిందంతా ఆ పని చుట్టూ ఉన్నవాటికే: వేళకు తయారవడం, బస్సెక్కి సరైన చోట దిగడం, అర్థం కాకపోతే అడగడం, ఒంట్లో బాగోలేకపోతే ఫోన్ చేసి చెప్పడం. మేధో వైకల్యం ఉన్న యువతకు ఉద్యోగంలో చేరడం కంటే నిలదొక్కుకోవడమే కష్టమని, అందుకు పని రాకపోవడం కన్నా ఇవి రాకపోవడమే ఎక్కువగా కారణమని నేను నమ్ముతున్నాను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. ఆ తర్వాత చాలా ఇళ్లలో వైకల్య సర్టిఫికెట్, పింఛను వచ్చేసరికి ప్రయత్నం ఆగిపోతుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకున్న 4 శాతం రిజర్వేషన్‌లో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక రుగ్మత, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి 1 శాతమే కాబట్టి, మా తమ్ముడిలాంటివారికి దారి ఎక్కువగా ప్రైవేటు దుకాణాల్లో, చిన్న పరిశ్రమల్లోనే దొరుకుతుంది. ఆ దారికి సిద్ధం చేయడం పన్నెండు, పదమూడేళ్ల వయసులోనే మొదలుకావాలి.

నేర్పే పద్ధతి గురించి కొంత వివరంగా చెప్పాలి. ఇలాంటి పిల్లలకు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్లు ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, చాలాసార్లు చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పుతారు. అమ్మ బియ్యం కడిగి, నీళ్లు కొలిచి పోసి కరెంటు కుక్కర్‌లో పెడితే మొదట్లో మా తమ్ముడు స్విచ్ మాత్రమే వేసేవాడు. అది వచ్చాక నీళ్లు కొలవడం, ఆ తర్వాత బియ్యం కడగడం నేర్చుకున్నాడు. ఇలా నేర్పితే ప్రతిసారీ పని పూర్తయ్యేది నేర్చుకునేవారి చేతుల మీదుగానే కాబట్టి వారిలో ఉత్సాహం తగ్గదు. డబ్బు విషయంలో చిల్లర లెక్క రాకపోయినా పైనున్న పదికి ఇవ్వడం నేర్పవచ్చు: ధర 37 రూపాయలంటే నాలుగు పది నోట్లు ఇచ్చి మిగిలింది తీసుకోవడం. నీలం యాభై, పసుపు రెండు వందలు, బూడిద రంగు అయిదు వందలు అని రంగులతో గుర్తుపట్టించడం సులువే గానీ, ఇదంతా బొమ్మ నోట్లతో కాకుండా మన వీధి కిరాణా కొట్లో నిజమైన నోట్లతోనే జరగాలి, ఎందుకంటే తరగతి గదిలో వచ్చింది కొట్లో దానంతటదే రాదు. బస్సు ప్రయాణం నేర్పేటప్పుడు నాన్న మొదట పక్కన, తర్వాత వెనక సీట్లో కూర్చున్నారు, ఆపైన స్కూటర్ మీద బస్సు వెనకాలే వెళ్లారు. కావాలనే ఒక స్టాపు ముందు దింపి, కండక్టర్‌నో దుకాణదారునో సాయం ఎలా అడగాలో కూడా నేర్పించారు.

పనిచోట యజమానిని మనం అడగాల్సింది జాలి కాదు. తూకం యంత్రం పక్కన ఎంత చూపాలో రాసిన కార్డు, పనుల వరుస చూపే బొమ్మల చార్టు, సందేహం వస్తే అడగడానికి ఒక మనిషి — మా తమ్ముడికి అవసరమైనవి ఇంతే. మొదటి రోజుల్లో పక్కనే ఉండి పని అలవాటు చేసి, క్రమంగా తప్పుకునే జాబ్ కోచ్ ఉంటే ఇంకా మంచిది.

జీతం గురించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అమ్మ తన ఖాతాలో వేయించాలనుకుంది, నేను ఒప్పుకోలేదు. దివ్యాంగులకు ఆస్తి కలిగి ఉండే, తమ డబ్బు వ్యవహారాలు తామే చూసుకునే హక్కును ఆ 2016 చట్టమే గుర్తించింది. తోడు అవసరమైనప్పుడు కూడా, వారి ఇష్టానికి అనుగుణంగా, నిర్దిష్టమైన విషయాలకు, నిర్దిష్టమైన కాలానికి కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షకత్వాన్ని సూచించింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ ద్వారా సంరక్షకులను నియమించుకోవచ్చు. అయితే వయసు పద్దెనిమిది నిండగానే ఆలోచించకుండా ఆ కాగితం చేయించుకోవడం నాకు సరికాదనిపిస్తుంది. ఇప్పుడు జీతం తమ్ముడి పేరున ఉన్న ఖాతాలోనే పడుతుంది. మొదటి నెలలో వాడు ఎక్కువ భాగం క్రికెట్ జెర్సీలకు ఖర్చుపెట్టి నెలాఖరున బస్సు ఛార్జీలకు ఇబ్బంది పడ్డాడు. మరుసటి నెల నుంచి ఛార్జీల డబ్బును వేరే కవర్లో పెట్టుకుంటున్నాడు.

"మా తర్వాత వీణ్ని నువ్వే చూసుకోవాలి" అని అమ్మానాన్నలు నాతో అంటుంటారు. తప్పకుండా తోడుంటాను, కానీ వాడి ఇల్లు నా ఇంట్లో ఒక గదే కావాలని నేను అనుకోవడం లేదు. అందుకే ఈ ఏడాది మందులు వేళకు వేసుకోవడం, గ్యాస్ కట్టేసి తలుపు గడియ పెట్టుకోవడం, ఇష్టం లేకుండా ఎవరైనా తాకితే గట్టిగా వద్దని చెప్పి మాకు తెలియజేయడం మీద పనిచేస్తున్నాం. వచ్చే వేసవిలో అమ్మానాన్నలు ఊరికి వెళ్లినప్పుడు తమ్ముడు ఒక రాత్రి ఇంట్లో ఒంటరిగా ఉంటాడు, పక్కింటి పిన్నిగారి దగ్గర మరో తాళం ఉంటుంది.