బెంగాలీ కంచం ముందు గోదావరి అల్లుడు

కలకత్తాలో ఉద్యోగం, బెంగాలీ అమ్మాయితో పెళ్ళి, జాదవ్‌పూర్‌లో అత్తవారి పక్కవీధిలోనే కాపురం. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. రాజమండ్రి దగ్గర పల్లెలో చేపల పులుసు తిని పెరిగినవాణ్ణి, ఇప్పుడు వారంలో సగం పూటలు బెంగాలీ భోజనమే చేస్తాను. ఇష్టంగానే చేస్తాను. ఇక్కడిదాకా రావడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది.

నాలాగే వేరే రాష్ట్రం సంబంధం చేసుకున్న తెలుగువాళ్ళు కొందరు అడుగుతుంటారు, ఆ తిండి ఎలా అలవాటైంది అని. నేను చెప్పేది ఒకటే. ఏ వంటనైనా దాని వరసలో, దాని కాలంలో, ఆ ఇంటివాళ్ళ పక్కన కూర్చుని తినాలి. మన వంటకి ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులు వేసుకుంటూ కూర్చుంటే ముద్ద దిగదు.

మొదట ఇబ్బంది పెట్టింది ఆవనూనె. ఆవాలు మనకి కొత్తేం కాదు. పోపులో వేస్తాం, ఆవకాయలో పచ్చి పిండే కలుపుతాం, పనసపొట్టు కూరకి ఆవ పెడతాం. కానీ నూనె సంగతి వేరు. నువ్వులనూనె, వేరుశనగ నూనె వాసనల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి అత్తవారింటి మెట్లెక్కుతుండగానే ఆ ఘాటు ముక్కుకి తగిలేది. చేపముక్క నోట్లో పెట్టుకుంటే చేప కన్నా ముందు నూనే తెలిసేది. బంగాళాదుంపల వేపుడు కూడా అంతే.

మా అత్తగారు ఇది గమనించారు. నాకోసం వేరే నూనెతో వండుతానని ఆవిడ అనలేదు. అనకపోవడమే మంచిదైంది. "వంటింట్లోకి వచ్చి చూడు బాబా" అని పిలిచి పొయ్యి పక్కన నిలబెట్టారు. ఇనప మూకుడులో నూనె పోసి పొగ వచ్చేదాకా కాచారు. ముదురు పసుపుగా ఉన్న నూనె చూస్తుండగానే లేత రంగుకి తిరిగింది. అప్పుడు మంట తగ్గించి, ఒక్క నిమిషం ఆగి, నల్ల జీలకర్ర, చీల్చిన పచ్చిమిరపకాయలు వేశారు. పొగతో పాటు పచ్చి ఘాటు పోతుంది, నూనె కమ్మగా తయారవుతుంది. ఇది ఒక పద్ధతి. రెండోది, కాచకుండా పచ్చినూనె చివర్లో పైన వేయడం. అక్కడ ఆ ఘాటే కావాలి. ఉడికించిన బంగాళాదుంపని చిదిమి, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఒక చెంచా పచ్చి ఆవనూనె వేసి చేత్తో మెదిపి, వేడన్నంలో కలిపి ఇచ్చారు. వండినప్పుడు ఒకలా, పచ్చిగా ఒకలా, ఒకే నూనె రెండు పనులు చేస్తోందని కళ్ళతో చూశాక ఆ వాసన మీద భయం పోయింది. ఇప్పటికీ కొత్తవాళ్ళెవరైనా అడిగితే ఆ దుంప ముద్దతోనే మొదలుపెట్టమంటాను. దానికన్నా తేలిక దారి నాకు కనపడలేదు.

తర్వాత చేదు. మన ఇళ్ళలో అన్నీ ఒకేసారి వడ్డిస్తారు, పప్పుతో మొదలుపెట్టి పెరుగన్నంతో ముగిస్తాం. బెంగాలీ భోజనం ఒక్కొక్కటిగా వస్తుంది. ముందు చేదు, తర్వాత ఆకుకూర, పప్పు, వేపుళ్ళు, ఆ తర్వాత కూరగాయలు, చేప, మాంసం, చివర తియ్యటి టమాటా చట్నీ, అప్పడం, మిఠాయి. చేదులో పెద్దది శుక్తో. కాకరకాయ, అరటికాయ, వంకాయ, మునక్కాయ, చిలగడదుంప, మినప వడియాలు వేసి, వాముని పోలిన రాంధుని అనే గింజతో తాలింపు పెట్టి, పాలు పోసి దించుతారు. మనం కాకరకాయకి బెల్లమో చింతపండో వేసి చేదుని చంపేస్తాం. వీళ్ళు దాన్ని బతకనిస్తారు. మధ్యాహ్నం పూటే తింటారు, రాత్రి చెయ్యరు.

దాన్ని ఎలా తినాలో నాకు నేర్పింది మా ఆవిడ అమ్మమ్మ. ఇంట్లో అందరూ దిదా అంటారు, నేనూ అంతే. "ఇది అయ్యేదాకా ఇంకోదాని మీద చెయ్యి వెయ్యకు" అని పక్కన కూర్చుని కాపలా కాసింది. ఖాళీ కడుపుతో, ఉత్త అన్నంతో, మొదటి నాలుగు ముద్దలూ చేదే తింటే నోరు తేటపడుతుంది. ఆ తర్వాత వచ్చే పెసరపప్పు ఎన్నడూ లేనంత రుచిగా ఉంటుంది. అదే శుక్తో పప్పు తర్వాత తిని చూడండి, ఉత్త చేదే మిగులుతుంది. వసంతకాలంలో లేత వేపాకుని వంకాయతో వేయించి రోజూ మొదటి ముద్దలో తింటారు. ఉగాదికి ఒక్కపూట వేపపువ్వు తినే మనం ఆ చేదుకి ఎంత దగ్గరగా ఉండి కూడా ఎంత తక్కువ తింటామో అప్పుడనిపించింది.

దిదా గురించి ఇంకొంచెం చెప్పాలి. 1947 విభజన తర్వాత ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న బరిశాల్ నుంచి చిన్నపిల్లగా కుటుంబంతో ఇటు వచ్చేసింది ఆవిడ. జాదవ్‌పూర్ చుట్టుపక్కల అలా వచ్చినవాళ్ళు కట్టుకున్న కాలనీలు చాలా ఉన్నాయి. వాళ్ళమ్మ చిన్నవయసులోనే భర్తని పోగొట్టుకుంది. అప్పటి పై కులాల బెంగాలీ ఇళ్ళలో వితంతువు చేప తినకూడదు, మాంసం, గుడ్డు సరేసరి, ఉల్లి, వెల్లుల్లి, ఎర్ర మసూర్ పప్పు కూడా కూడదు. పొయ్యి వేరు, గిన్నెలు వేరు. చేప లేకుండా ముద్ద ఎత్తని ఊళ్ళో ఒక మనిషిని చేప ముట్టొద్దనడం ఎంత శిక్షో మనం ఊహించుకోవచ్చు. ఆ ఆడవాళ్ళు మిగిలిన వాటితోనే వంట చేశారు. అరటిపువ్వు, అరటిదవ్వ, సొరకాయ తొక్కు, గుమ్మడి ఆకు, కొబ్బరి, కాసిని వడియాలు. ఇవాళ హోటళ్ళలో గొప్పగా వడ్డించే బెంగాలీ శాకాహారంలో చాలా భాగం ఆ వేరు పొయ్యిల మీద పుట్టిందే.

మోచార్ ఘొంటో, అంటే అరటిపువ్వు కూర, నేను చాలాసార్లు తిన్నాక ఈ సంగతి తెలిసింది. ఆ రోజు ముద్ద మింగుడుపడలేదు. మన వైపూ కొన్ని కులాల్లో వితంతువులకి ఒంటిపూట భోజనమే ఉండేది, అది మనకి తెలియని కథ కాదు. తాతగారు పోయాక దిదా చేప మానేస్తానంటే మా అత్తగారు ఒప్పుకోలేదట. తల్లి కంచంలో తానే చేపముక్క వేసి, తినేదాకా లేవలేదట. మా అత్తగారంటే నాకున్న గౌరవంలో సగం ఆ ఒక్క పనికే.

ఇక మా మామగారిది పశ్చిమ బెంగాల్లోనే ఉన్న బంకురా. ఆయన ఊళ్ళో ఎండలు మన రెంటచింతల ఎండల్లాంటివి. అక్కడివాళ్ళకి గసగసాలే ప్రాణం. మనం కోడికూర మసాలాలోకి చెంచాడు నూరుతాం. వాళ్ళు గుప్పెళ్ళు గుప్పెళ్ళు నానబెట్టి సన్నికల్లు మీద వెన్నలా నూరి, బంగాళాదుంపలతో వండుతారు. దాన్నే ఆలూ పోస్తో అంటారు. కంపెనీ దొరలు నల్లమందు కోసం గసగసాల తోటలు వేయించారనీ, మందు తీశాక మిగిలిన గింజలు వంటింట్లోకి చేరాయనీ చెబుతారు. ఇప్పుడు ఆ గింజల ధర చూస్తే గుండె ఝల్లుమంటుంది. పోస్తోతో పాటు సోపు గింజలు, అల్లం నూరి వేసిన పల్చటి మినప్పప్పు ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రెండూ తిని పడుకుంటే ఒళ్ళు చల్లబడినట్టుంటుంది. నాకు ఏ టెన్షనూ లేకుండా మొదటి రోజే నచ్చిన బెంగాలీ వంట ఇదే. ఒకే ఇంట్లో బరిశాల్ వెల్లుల్లి ఎండుచేప ఒకవైపు, బంకురా గసగసాలు ఒకవైపు. ఎండుచేప గురించి నాకెవరూ నేర్పక్కర్లేదు, మా ఇంట్లో ఎండు మెత్తళ్ళు వేయించిన రోజు వీధి చివరిదాకా తెలిసేది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది ఇలిష్ చేపకి. ఇలిష్ అంటే మన పులసే. వానాకాలంలో సముద్రం నుంచి నదిలోకి ఎదురెక్కే చేప. గోదావరిలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. గంగలో ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్ళేదట, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్ళో పుట్టి ఆ చేప తినడానికి మళ్ళీ నేర్చుకోవాల్సి రావడానికి కారణం ముళ్ళు. మన పులుసులో చింతపండు రసంలో సన్నసెగ మీద చాలాసేపు మగ్గేసరికి ముల్లు మెత్తబడుతుంది. ఇక్కడ పావుగంట ఆవిరి, అంతే.

మామగారు గడియాహాట్ మార్కెట్లో గుడ్లు పట్టని వెడల్పాటి చేపని ఏరుకుంటారు. గుడ్లు పడితే కొవ్వు తగ్గుతుందని ఆయన నమ్మకం. చేపలమ్మే అతను పెద్ద కత్తిపీట కాలితో తొక్కిపెట్టి ముక్కలు కోస్తాడు. కోసిన ముక్కల్ని ఇంట్లో మళ్ళీ మళ్ళీ కడగనివ్వరు, నూనె పోతుందంటారు. ఆవాల్ని పచ్చిమిర్చి, ఉప్పు కలిపి నూరాలి, ఆ రెండూ లేకపోతే ముద్ద చేదెక్కుతుంది. ముక్కలకి అది పట్టించి, పచ్చి ఆవనూనె పోసి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించి, ఉడుకుతున్న అన్నం గిన్నెలోనే దించుతారు. అన్నం వార్చే వేళకి చేప సిద్ధం. మూత తీయగానే కొవ్వు కరిగి పసుపుపచ్చగా మెరుస్తుంటుంది, ఆవ ఘాటు కళ్ళలోకి వస్తుంది.

తినడం దిదాయే నేర్పింది. అన్నమంతా కలపొద్దు. ముందు పొట్ట ముక్క, అందులో ముళ్ళు పెద్దవి, లాగితే వచ్చేస్తాయి. వీపు ముక్క తర్వాత. వీపు ముక్కలో ముల్లు వెంట్రుకంత సన్నం, చివర రెండుగా చీలి ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ముక్కని మెల్లగా నొక్కుతూ పోతే కండ విడిపోయి ముల్లు వేలికి తగులుతుంది, అక్కడ పట్టుకుని వచ్చిన వైపే లాగాలి. ముద్ద చిన్నది. నోట్లో పెట్టుకున్నాక మాట్లాడకూడదు. తప్పించుకున్న ముల్లుంటే నాలుకతో పెదవి చివరికి తోసి తీసెయ్యాలి. మొదటి ఏడాది నేను పొట్ట ముక్కలతోనే సరిపెట్టుకున్నాను. మరుసటి వానాకాలం వీపు ముక్క. రుచంతా అందులోనే ఉంది. వేళ్ళకి ఓపిక వచ్చాకే అది దొరుకుతుంది. దసరా తర్వాతి పౌర్ణమికి వచ్చే లక్ష్మీపూజ నుంచి మాఘంలో శ్రీపంచమికి చేసే సరస్వతీపూజ దాకా మా అత్తగారింట్లో ఇలిష్ తినరు, పిల్లచేపలు ఎదిగే కాలమని. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. మన పులస విషయంలోనూ ఇలాంటి కట్టుబాటు ఉంటే బాగుండేది.

జ్యేష్ఠంలో జమాయ్ షష్ఠి వస్తుంది, అల్లుళ్ళ పండగ. చేతికి పసుపుదారం కట్టి, తాటాకు విసనకర్రతో విసిరి, కంచం చుట్టూ గిన్నెలు పేరుస్తారు, చేప తలకాయ అల్లుడికే. సంక్రాంతికి అల్లుడికి చేసే మర్యాదలు చూసి పెరిగిన గోదావరి జిల్లావాడికి ఇందులో కొత్తేమీ లేదు. హాయిగా తిన్నాను.

రెండేళ్ళ కిందట శ్రావణంలో అత్తవారిని మా ఊరు తీసుకెళ్ళాను. మా అమ్మ పులస తెప్పించి మట్టిదాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టింది. "ఇవాళ తినకండి వదినగారూ, రేపటికి బాగుంటుంది" అంది. మా ఆవిడ అది బెంగాలీలో చెబితే అత్తగారు ఆశ్చర్యపోయారు. ఇలిష్‌ని ఒక రాత్రి నిలవ ఉంచడమా! మర్నాడు మధ్యాహ్నం ఒక్కో ముద్దా నెమ్మదిగా తిన్నారు. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. సగం అన్నం అయ్యాక, బరిశాల్ ఇంట్లో ఇలిష్ తలకాయ, తోక చింతపండుతో పుల్లగా వండి భోజనం చివర్లో పెట్టేవారని దిదా చెప్పేదని గుర్తుచేసుకున్నారు. అత్తగారు మాత్రం అది ఎప్పుడూ వండలేదట. మా అమ్మని దాక పక్కన కూర్చోబెట్టుకుని చింతపండు ఎప్పుడు పొయ్యాలో, మెంతులు ఎన్ని వెయ్యాలో అన్నీ అడిగి రాయించుకున్నారు. నువ్వులనూనె వాసన మాత్రం ఆవిడకి పడలేదు, ఆ మాట మా అమ్మకి మొహమాటం లేకుండా చెప్పారు. మామగారికి ఆవకాయ మొదటి ముద్దకే నచ్చింది. పచ్చి ఆవపిండి ఘాటు ఆయనకి పుట్టినప్పటి నుంచీ తెలుసు కదా.

నాకూ ఇంకా పడనిది ఒకటుంది, శనగపప్పులో పంచదార. కొబ్బరిముక్కలు, కిస్‌మిస్ వేసి, పూరీల్లోకి తియ్యగా చేస్తారు. దాని వరసలో తిన్నాను, పండగనాడు తిన్నాను, అందరితో కూర్చుని తిన్నాను, అయినా కాలేదు. అత్తగారు పంచదార వేసేముందు నాకోసం చిన్న గిన్నెలో కొంత పప్పు తీసి పక్కన పెడతారు. లేక్ మార్కెట్లో మనవాళ్ళ దుకాణాల నుంచి తెచ్చిన కరివేపాకుతో దానికి నేనే పోపు పెట్టుకుంటాను. ఈ మధ్య మామగారు కూడా అందులోంచి వడ్డించుకుంటున్నారు.